ఇల్లు ఇప్పుడే రాసివ్వాలా, వీలునామా రాయాలా?

ప్రశ్న: నాకు 73 ఏళ్లు. ప్రభుత్వ ఉద్యోగం చేసి పదవీ విరమణ పొందాను. నా భార్యకు 69 ఏళ్లు. జీతం డబ్బుతో కట్టుకున్న ఇల్లు నా పేరున ఉంది. పెళ్లప్పుడు మా మామగారు పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరన్నర పొలం ఆమె పేరున ఉంది. ఇద్దరి పేర్ల మీదా కొన్ని డిపాజిట్లు ఉన్నాయి. మాకు ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. పెద్దవాడు విదేశంలో ఉంటాడు, చిన్నవాడూ కోడలూ మాతోనే ఉంటారు. ఇంటిని తన పేరున గిఫ్ట్ రిజిస్ట్రేషన్ చేయిస్తే, దాని మీద వ్యాపారానికి అప్పు తెచ్చుకుంటానని చిన్నవాడు అడుగుతున్నాడు. అమ్మాయికి పెళ్లిలో ఇవ్వవలసింది ఇచ్చేశాం. ఇక తనకు ఏ హక్కూ లేదని వంద రూపాయల స్టాంపు కాగితం మీద సంతకం కూడా చేసింది. ఏడాదిగా నా భార్యకు మరుపు ఎక్కువైంది, డిమెన్షియా తొలి దశ అని డాక్టరు చెప్పారు. ఇల్లు ఇప్పుడే రాసివ్వమంటారా, వీలునామా రాయమంటారా? నా భార్య పొలం సంగతి ఏం చేయాలి?

జవాబు: మీరు అడిగిన రెండింటికీ జవాబు చెబుతాను. అయితే వాటికంటే ముందుగా తేల్చుకోవలసిన విషయం ఒకటి మీ ఉత్తరంలోనే ఉంది, దానిని మీరు ఒక్క వాక్యంలో చెప్పి దాటేశారు. మీ భార్యగారి జబ్బు తొలి దశలో ఉంది. అంటే తన ఆస్తి ఎవరికి చెందాలో, తన వైద్యం ఎలా జరగాలో, తన తరఫున ఎవరు వ్యవహరించాలో ఆమె తనంతట తాను చెప్పి, చట్టం అంగీకరించే విధంగా సంతకం చేయగలిగిన వ్యవధి ఇంకా మిగిలి ఉంది. ఆ వ్యవధి ఎంతో ఏ డాక్టరూ కచ్చితంగా చెప్పలేరు. మీ ఇంటి వీలునామా ఒక నెల ఆలస్యమైతే కొంపలు మునగవు కానీ, ఆమె కాగితాల పని మాత్రం వాయిదా వేయకండి.

ఇలాంటి పరిస్థితి వచ్చినప్పుడు చాలా ఇళ్లలో ఒక జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే తన తరఫున వ్యవహారాలు నడిపే అధికారాన్ని మరొకరికి ఇచ్చే పత్రం, రాయించుకుని, ఇక భయం లేదనుకుంటారు. మీకూ ఎవరో ఒకరు ఆ సలహా ఇచ్చే ఉంటారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, అధికారం ఇచ్చిన వ్యక్తి మరణించినా, మతిస్థిమితం కోల్పోయినా ఆ అధికారం అంతటితో ముగిసిపోతుంది. ఏ రోజు అవసరపడుతుందని ఆ పత్రం రాయించి దాచుకుంటారో, సరిగ్గా ఆ రోజు నుంచే అది చెల్లదు. మతి తప్పిన తరువాత కూడా నిలిచే పవర్ ఆఫ్ అటార్నీ కొన్ని దేశాల్లో ఉంది, మన చట్టంలో లేదు. 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టం అమల్లో ఉన్నంత కాలం, జిల్లా కోర్టుకు వెళ్లి రోగి ఆస్తిని చూసుకోవడానికి ఒక మేనేజరును నియమింపజేసుకునే మార్గం ఉండేది. దాని స్థానంలో వచ్చి 2018 మే నుంచి అమలవుతున్న 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స గురించి, రోగి హక్కుల గురించి ఎంతో మేలైన మాటలు చెప్పింది కానీ ఆస్తి నిర్వహణ జోలికి మాత్రం పోలేదు. అందువల్ల ఇప్పుడు చాలా కుటుంబాలు ఏకంగా హైకోర్టులో రిట్ పిటిషన్ వేసి, వైద్య నివేదికలు సమర్పించి, మిగతా వారసుల అంగీకారం చూపించి, సంరక్షకుడిగా నియామకం తెచ్చుకోవలసి వస్తోంది. భార్య పేరున ఉన్న ఒక డిపాజిట్టును ఆమె వైద్యానికే తీయాలన్నా కొన్నిసార్లు ఇంత దూరం వెళ్లక తప్పదు. వృద్ధుల ఆస్తి విషయంలో మన చట్టానికి ఉన్న పెద్ద లోటు ఇదేనని నా అభిప్రాయం. జనం మాత్రం మరణం తరువాత ఎవరికెంత అన్నదాని మీదే తలలు బద్దలు కొట్టుకుంటారు.

కాబట్టి మొదట బ్యాంకుకు వెళ్లండి. ఆమె ఒక్కరి పేరున ఉన్న ఖాతాలను, డిపాజిట్లను ఇద్దరిలో ఎవరైనా నడుపుకునే విధంగా ఉమ్మడి ఖాతాలుగా మార్పించండి. డిపాజిట్టు గడువుకు ముందే ఒకరి సంతకంతో తీసుకునే వీలు ఉండాలన్న సూచనను కూడా విడిగా రాసివ్వండి, అది లేకపోతే ఉమ్మడి ఖాతా ఉండి కూడా ఇద్దరి సంతకాలూ అడగవచ్చు. మీ వయసు దృష్ట్యా మీతోపాటు పిల్లల్లో ఒకరిని కూడా చేర్చుకోవడం మంచిది, ఎందుకంటే ఆమె కంటే ముందు మీరే మంచాన పడే అవకాశాన్ని కొట్టిపారేయలేం.

తరువాత వైద్యం సంగతి. పైన చెప్పిన 2017 చట్టం కింద తన నామినేటెడ్ ప్రతినిధి, అంటే చికిత్స విషయాల్లో తన తరఫున నిలబడే వ్యక్తి, ఎవరో ఆమె సాదా కాగితం మీద రాసి సంతకం గానీ వేలిముద్ర గానీ వేస్తే చాలు. ఇక ప్రాణాధార యంత్రాల మీద ఎంతకాలం ఉంచాలి అన్న ప్రశ్న వచ్చినప్పటి కోసం ముందస్తు వైద్య నిర్దేశం రాసుకునే హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో గుర్తించింది. అప్పట్లో దానిని మేజిస్ట్రేటు ముందు ధ్రువీకరించాలన్న నిబంధన ఉండటంతో ఆచరణలో ఎవరూ దాని జోలికి పోలేదు. 2023 జనవరిలో ఆ నిబంధనను సడలించి, ఇద్దరు సాక్షులతో నోటరీ ముందు గానీ గెజిటెడ్ అధికారి ముందు గానీ సంతకం చేస్తే సరిపోతుందన్నారు. మీరిద్దరూ ఒకే రోజు ఎవరి పత్రం వారు రాసుకోండి.

ఇప్పుడు ఆమె పొలం. ముందుగా మామగారు ఇచ్చినప్పటి దస్తావేజును బయటకు తీయండి. రిజిస్టరు అయిన పత్రం ఉంటే ఇబ్బంది లేదు. మాట మీద, లేదా తెల్లకాగితం మీద ఇచ్చి, పట్టాదారు పాసుపుస్తకంలో మాత్రమే పేరు ఎక్కి ఉంటే, హక్కు సంగతి న్యాయవాదికి చూపించి తేల్చుకున్న తరువాతే ముందుకు వెళ్లండి. మీకు హిందూ వారసత్వ చట్టం వర్తిస్తుందన్న భావనతో రాస్తున్నాను. ఆ చట్టం 14వ సెక్షన్ ప్రకారం ఆ పొలం మీద ఆమెకు సంపూర్ణ హక్కు ఉంది. ఆమె వీలునామా రాయకుండా పోతే 15వ సెక్షన్ ప్రకారం మీకు, ముగ్గురు పిల్లలకు తలా నాలుగో వంతు వస్తుంది. ఈ పంపకం ఆమెకు సమ్మతమైతే వీలునామా అవసరమే లేదు. వేరేగా కోరుకుంటే మాత్రం ఆమె రాయాలి.

డిమెన్షియా అన్న మాట డాక్టరు చీటీలో ఉన్నంత మాత్రాన ఆమె వీలునామా రాయడానికి అనర్హురాలైపోరు. భారత వారసత్వ చట్టం 59వ సెక్షన్ చూసేది ఆ సమయానికి తానేం చేస్తున్నదీ ఆమెకు తెలుసా లేదా అన్నదే. అయితే రేపు ఎవరైనా సవాలు చేస్తే, ఆ వీలునామాను సమర్పించినవారే అనుమానాలన్నీ తీర్చవలసి ఉంటుందని సుప్రీంకోర్టు 1959లో హెచ్. వెంకటాచల అయ్యంగార్ కేసులో చెప్పింది. లబ్ధి పొందే వ్యక్తి దగ్గరుండి రాయించడం ఆ అనుమానాల్లో ముఖ్యమైనది. ఈ పొలంలో మీరూ వారసులే కనుక, మాటల్లో చెప్పాలంటే ఇబ్బందిగానే ఉన్నా, ఆ సమయంలో మీరు ఆ గదిలో ఉండకూడదు. పిల్లలు కూడా ఉండకూడదు.

ఆ పని ఎలా జరగాలో చెబుతాను. మందు వేసుకుని, నిద్ర సరిపోయి, ఆమె తేటగా ఉండే వేళ చూసుకోండి. ఈ జబ్బులో చాలామందికి సాయంత్రం అయ్యేసరికి గందరగోళం పెరుగుతుంది కాబట్టి ఉదయం పూట మేలు. ఆమెను చూస్తున్న డాక్టరు అదే రోజు పరీక్షించి, కాలం, స్థలం, మనుషుల గురించి ఏం అడిగారో, ఆమె ఏం చెప్పారో రాసి ఇవ్వాలి. కేవలం ఆరోగ్యంగా ఉన్నారు అని ఒక వాక్యం రాసిన సర్టిఫికెట్టు కోర్టులో పెద్దగా అక్కరకు రాదు. తరువాత న్యాయవాది ఆమెతో ఒంటరిగా కూర్చుని, మీ పొలం ఎక్కడ ఉందమ్మా, ఇప్పుడు ఎవరు సాగు చేస్తున్నారు, మీకు ఎంతమంది పిల్లలు, ఎవరికి ఇవ్వాలనుకుంటున్నారు, ఎందుకు అని అడగాలి. అవునా కాదా అని తల ఊపించే ప్రశ్నలు పనికిరావు. ఆమె తన మాటల్లో చెప్పింది రాసి, చదివి వినిపించి, ఆ తరువాత సంతకం చేయించాలి. ఎకరన్నర అనడానికి బదులు రెండెకరాలు అన్నా కంగారు పడనక్కరలేదు, సర్వే నంబరు గుర్తు లేకపోయినా నష్టం లేదు. తనకు కూతురు ఉందన్న సంగతే ఆమె మరచిపోతే మాత్రం ఆ రోజుకు ఆపేయాలి.

సాక్షులు ఇద్దరు ఉండాలి. వారిలో ప్రతి ఒక్కరూ ఆమె సంతకం చేయడం చూసి, ఆమె ఎదుటే తామూ సంతకం చేయాలి. లబ్ధి పొందేవారిని, వారి భార్యాభర్తలను సాక్షులుగా పెట్టవద్దు. రేపు కోర్టులో వీలునామాను రుజువు చేయాలంటే బతికి ఉన్న సాక్షుల్లో కనీసం ఒకరిని విచారించాలి కాబట్టి, మీ ఈడు స్నేహితుల కంటే వయసులో చిన్నవారు, ఊరు విడిచి వెళ్లనివారు మంచిది. ఆమెను చూస్తున్న డాక్టరే ఒక సాక్షిగా ఉండటానికి ఒప్పుకుంటే అంతకంటే కావలసింది లేదు. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా ఈ పరిస్థితిలో చేయించమనే చెబుతాను. ఆమె కార్యాలయానికి రాలేని స్థితిలో ఉంటే, దరఖాస్తు పెట్టుకుంటే సబ్ రిజిస్ట్రారు ఇంటికి వచ్చే ఏర్పాటు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది. రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన వీలునామా తిరుగులేనిది కాదు, రాసినవారి సంతకమేనా అన్న వివాదం మాత్రం చాలావరకు తగ్గుతుంది.

ఇక ఇంటి సంగతి. గిఫ్ట్ చేయకండి. మీ అబ్బాయి మంచివాడు కాడని నేను అనడం లేదు, ఆ మాట మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. గిఫ్ట్ దస్తావేజు రిజిస్టరు అయి, ఆయన స్వీకరించిన క్షణం నుంచి ఇల్లు ఆయనది. మనసు మారిందని మీరు ఒక్కరే దానిని రద్దు చేసుకోలేరు. వ్యాపారం దెబ్బతిని బాకీ పేరుకుపోతే బ్యాంకు ఇంటిని వేలం వేస్తుంది, అందులో కొడుకు తప్పు ఏమీ ఉండనవసరం లేదు. ఇంతకంటే జనానికి తెలియని సంగతి మరొకటి ఉంది. దేవుడు చల్లగా చూడాలి కానీ, మీరు ఇల్లు రాసిచ్చిన కొడుకు వీలునామా లేకుండా మీకంటే ముందే పోతే, ఆ ఇల్లు ఆయన భార్యకు, పిల్లలకు, తల్లికి సమానంగా చెందుతుంది. హిందూ వారసత్వ చట్టం మొదటి తరగతి వారసుల్లో తల్లి ఉంది, తండ్రి లేడు. ఆ ఇల్లు కట్టిన మీకు అందులో ఒక్క ఇటుక కూడా రాదు.

తల్లిదండ్రుల చట్టం ఉంది కదా, చూడకపోతే వెనక్కి తీసుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 23వ సెక్షన్ ప్రకారం, తమను చూసుకోవాలన్న షరతుతో 60 ఏళ్లు దాటినవారు ఆస్తి రాసిచ్చి, ఆ షరతు ఉల్లంఘన జరిగితే, బదిలీ చెల్లదని ట్రిబ్యునల్ ప్రకటించవచ్చు. మన దగ్గర ఆ ట్రిబ్యునల్ ఆర్డీవో స్థాయి అధికారి ఆధ్వర్యంలో నడుస్తుంది. కానీ ఆ షరతు ఉందని రుజువు చేయడం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో సుదేశ్ ఛిక్కారా కేసులో కచ్చితంగా చెప్పింది. 2025 జనవరి 2న ఊర్మిళా దీక్షిత్ కేసులో, ఈ చట్టాన్ని వృద్ధులకు మేలు చేసే దృష్టితో ఉదారంగా అన్వయించాలని, ఆస్తి స్వాధీనం కూడా ఇప్పించవచ్చని చెప్పింది. దస్తావేజు లేఖరులు వాడే మామూలు నమూనాలో ప్రేమాభిమానాలతో ఇస్తున్నాను అని తప్ప ఈ షరతు తరచుగా ఉండదు. ఎంత చెప్పినా గిఫ్ట్ ఇవ్వక తప్పని పరిస్థితి వస్తే, మీ ఇద్దరి జీవితకాలం ఆ ఇంట్లో నివసించే హక్కును నిలుపుకుంటూ, ఆహారం, వైద్యం, సంరక్షణ బాధ్యతలను వివరంగా రాస్తూ, అవి తప్పితే బదిలీ రద్దవుతుందని స్పష్టంగా చేర్చిన సెటిల్‌మెంట్ దస్తావేజు మాత్రమే చేయండి. అలాంటి దస్తావేజు మీద బ్యాంకు అప్పు ఇవ్వడానికి సందేహిస్తుంది కనుక, మీ అబ్బాయి అసలు ఉద్దేశం దానితో నెరవేరకపోవచ్చు. ఆయన వ్యాపారానికి సాయం చేయాలనుకుంటే, మీ ఇద్దరి వైద్యానికి సరిపడా పక్కన పెట్టుకున్న తరువాత మిగిలిన డిపాజిట్లలోంచి ఇవ్వండి, ఆ మొత్తాన్ని ఆయన వాటాలో లెక్క కట్టాలని వీలునామాలో రాయండి. మిగతా ఇద్దరు పిల్లలకూ ఆ సంగతి ఇప్పుడే చెప్పండి.

మీ వీలునామాలో ఒక చిక్కుముడి ఉంది. నా తదనంతరం ఇల్లు నా భార్య జీవితాంతం అనుభవించి, ఆమె తరువాత పిల్లలకు చెందాలి అని మన ఇళ్లలో చాలామంది రాస్తారు. వినడానికి బాగుంటుంది. కానీ భార్యకు పోషణ హక్కు ముందే ఉంది కనుక, ఆ హక్కుకు బదులుగా ఇచ్చిన పరిమిత హక్కు కూడా హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ వల్ల సంపూర్ణ హక్కుగా మారుతుందని సుప్రీంకోర్టు 1977లో తులసమ్మ కేసులో తీర్పు చెప్పింది. ఆ వ్యాజ్యం మన తెలుగు కుటుంబానిదే. వీలునామాతో ఇచ్చిన పరిమిత హక్కు ఎప్పుడు పరిమితంగా ఉండిపోతుంది, ఎప్పుడు సంపూర్ణమవుతుంది అన్నదాని మీద తరువాత వచ్చిన తీర్పులు ఒకదానితో ఒకటి పొసగకపోవడంతో, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టే ఈ ప్రశ్నను విస్తృత ధర్మాసనానికి పంపింది. పైగా మీ విషయంలో మరో ఇబ్బంది. ఇల్లు పూర్తిగా ఆమె పేరున వచ్చినా, అప్పటికి జబ్బు ముదిరితే ఆమె దానిని అమ్మలేరు, అద్దెకు ఇవ్వలేరు, పన్ను పేరు మార్పు దరఖాస్తు మీద కూడా సంతకం చేయలేరు.

అందుచేత మీకు నేను సూచించేది వీలునామా ద్వారానే ఒక ప్రైవేటు ట్రస్టు ఏర్పాటు చేయడం. పేరు వినగానే కోటీశ్వరుల వ్యవహారం అనుకోకండి, 1882 నాటి ట్రస్టుల చట్టం సామాన్యులకు కూడా వర్తిస్తుంది. మీ తదనంతరం ఇల్లు, డిపాజిట్లలో కొంత భాగం ఇద్దరు ట్రస్టీల చేతికి వెళ్తాయి. ఆమె బతికి ఉన్నంత కాలం ఆమె నివాసానికి, మందులకు, సంరక్షకురాలి జీతానికి వారు ఖర్చు పెడతారు, అవసరమైతే ఇల్లు అద్దెకిచ్చే అధికారం, చివరి అవసరంగా అమ్మే అధికారం కూడా వారికి ఉంటాయి. ఆమె తరువాత మిగిలినది మీరు చెప్పిన వాటాల్లో పిల్లలకు చేరుతుంది. ఆమె సంతకం ఎక్కడా అక్కరలేదు. ట్రస్టీలుగా చిన్నబ్బాయిని, అమ్మాయిని ఇద్దరినీ కలిపి పెట్టండి. ఇంట్లో ఉండి చూసుకునేవారు ఒకరు, లెక్క అడిగేవారు ఒకరు ఉండటం మంచిది. పెద్దబ్బాయి దూరంలో ఉన్నారు కనుక, వారిలో ఒకరు తప్పుకుంటే ఆ స్థానంలో వచ్చే వ్యక్తిగా ఆయన పేరు రాయండి.

అమ్మాయి సంతకం చేసిన స్టాంపు కాగితం గురించి. మీరు బతికి ఉండగా మీ ఇంటి మీద ఆమెకు ఉన్నది భవిష్యత్తులో వారసత్వం రావచ్చన్న ఆశ మాత్రమే. అలాంటి ఆశను బదిలీ చేయడానికి ఆస్తి బదిలీ చట్టం 6వ సెక్షన్ ఒప్పుకోదు కనుక, ఆ కాగితం సాధారణంగా చెల్లదు. పెళ్లిలో ఇచ్చినందువల్ల వారసత్వ హక్కు పోదు కూడా. మీరు వీలునామా రాయకపోతే ఇంట్లో ఆమెకూ అన్నదమ్ములతో సమానంగా నాలుగో వంతు వస్తుంది. ఇల్లు మీ స్వార్జితం కనుక ఆమెకు ఇవ్వకుండా ఉండే స్వేచ్ఛ మీకు ఉంది. అలా చేయదలచుకుంటే కారణాన్ని వీలునామాలో ఒక వాక్యంలో రాయండి. పిల్లల్లో ఒకరిని ఊసెత్తకుండా వదిలేసిన వీలునామాలే కోర్టుల్లో ఎక్కువగా నలుగుతాయి. నన్నడిగితే, తల్లి బాధ్యతలో ఆమెను ట్రస్టీగా కూర్చోబెట్టి, ఆస్తిలో మాత్రం ఏమీ లేదనడం సబబు కాదు.

నామినీల విషయం తొందరగా ముగిస్తాను. నామినీ అంటే డబ్బు అందుకునే వ్యక్తే తప్ప, సాధారణంగా యజమాని కాడు. షేర్ల విషయంలో కూడా అంతేనని సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో శక్తి యెజ్దానీ కేసులో తేల్చింది. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురి వరకు నామినీలను పెట్టుకోవచ్చు కనుక, వీలునామాలోని వాటాలకు సరిపోయేలా నామినీలను మార్చండి. మీ డిపాజిట్లకు నామినీగా ఇప్పుడు మీ భార్యగారి పేరే ఉండి ఉంటుంది, దానిని వెంటనే మార్చండి.

న్యాయవాదిని మీరే వెతుక్కోండి. చిన్నబ్బాయి తీసుకొచ్చిన న్యాయవాది ఎంత నిజాయితీపరుడైనా, రేపు ఆ సంగతే అనుమానానికి మొదటి కారణం అవుతుంది. మొదటి సమావేశంలోనే నమూనా పత్రం తీసి ఖాళీలు నింపడం మొదలుపెట్టినవారి దగ్గర ఆగకండి. మీ భార్యగారితో విడిగా మాట్లాడాలని, వైద్య నివేదికలు చూడాలని తానే అడిగే న్యాయవాది మీకు కావాలి. ఫీజు భారమైతే, ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు ఉచిత న్యాయసహాయం పొందే హక్కు 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం ఇచ్చింది. మీ భార్యగారి పనికి జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. ఇంట్లో మీ మీద ఒత్తిడి పెరిగితే వృద్ధుల సహాయవాణి నంబరు 14567.

సంతకాలు అయ్యాక అసలు ప్రతులను మీ ఒక్కరి పేరున ఉన్న లాకరులో పెట్టకండి. మీ తదనంతరం లాకరు తెరవడానికి కాగితాలు కావాలి, ఆ కాగితాలకు ఆధారం లాకరులో ఉంటుంది. జిల్లా రిజిస్ట్రారు దగ్గర సీలు వేసిన కవరులో వీలునామాను భద్రపరిచే ఏర్పాటు ఉంది, రుసుము కట్టి రసీదు తీసుకోండి. ఆ రసీదు నకలు, న్యాయవాది పేరు, సాక్షుల చిరునామాలు ముగ్గురు పిల్లలకూ ఒకే రోజు పంపండి.